మీటరు అద్దంలోకి చెమ్మ వచ్చిన కథ

ఒకప్పుడు, కొండదారుల్లో మోటారు సైకిళ్లు కొత్తగా తిరుగుతున్న కాలంలో, మీటరు అద్దం లోపల చెమ్మ అన్నదే ఉండేది కాదు. ఎంత వాన కురిసినా, ఎంత మంచు కమ్మినా తడంతా అద్దం పైనే. కొంగుతో ఒకసారి తుడిస్తే బండి జోరు చెప్పే లోపలి ముల్లు తేటగా కనిపించేది.

అద్దం చుట్టూ ఒక రబ్బరు పట్టీ కాపలా ఉండేది. గాలికైనా సరే, దాన్ని దాటి లోపలికి దారి లేదు. లోపల ముల్లు ఒక్కటే. దానికి తోడు ఒక చిన్న దీపం ఉండేది కానీ, అది రోజంతా నిద్రపోయేది.

ఆ రోజుల్లో పాడేరు అవతలి కొండల్లో పొగమంచుకు ఒక కూతురు ఉండేది. పేరు చెమ్మ. పట్టుకుంటే చేతికి చిక్కదు, వదిలేస్తే చెంపకు తగులుతుంది. అంత మెత్తని పిల్ల.

పొగమంచు రోజూ తెల్లవారుజామున లోయలోకి దిగేది. చెమ్మ తల్లి కొంగు పట్టుకుని వెంట నడిచేది. "కొంగు వదలకమ్మా, నువ్వు తప్పిపోతే నాకు కనబడవు" అనేది తల్లి.

ఒక ఉదయం దారి పక్కన వలిసెపూలు విచ్చుకుంటున్నాయి. కొండంతా పసుపు ఆరబోసినట్టుంది. చెమ్మ ఒక పువ్వు మీద కూర్చుంది. దాని పక్క పువ్వు మీద కూర్చుంది. తల తిప్పి చూసేసరికి తల్లి లేదు. లోయలో ఎక్కడో కిందికి వెళ్లిపోయింది.

తూర్పున కొండ అంచు ఎర్రబడుతోంది. చెమ్మకు భయం వేసింది. ఎండ వస్తే చిన్నచిన్న తడిపిల్లల్ని తాగేస్తుందని గడ్డిపరకలు చెప్పగా వింది.

పరుగెత్తింది. సాలెగూడును అడిగింది. "నువ్వొస్తే నా దారాలు బరువెక్కి తెగిపోతాయమ్మా" అంది సాలెగూడు. రాయిని అడిగింది. "నా ఒంట్లో చోటెక్కడిది తల్లీ" అంది రాయి.

అక్కడ ఒక ఇంటి ముందు మోటారు సైకిల్ నిలబడి ఉంది. అది మాలచ్చిది. మాలచ్చి దాని మీద సంతకు అల్లం, చింతపండు మూటలు వేసుకెళ్లే మనిషి. మీటరు అద్దంలోంచి ముల్లు బయటకు చూస్తోంది.

"ముల్లన్నా, నన్ను లోపల దాచవా? ఎండ వస్తోంది" అని అడిగింది చెమ్మ.

ముల్లు పుట్టి ఇన్నాళ్లైనా దాన్ని అన్నా అని పిలిచినవాళ్లు లేరు. అది రబ్బరు పట్టీని బతిమాలింది. "చిన్నపిల్ల కదా, కాస్త జరుగు."

"రేపు ఏదైనా అయితే మాట నామీద పడుతుంది" అని గొణుగుతూనే రబ్బరు పట్టీ వెంట్రుకంత జరిగింది. చెమ్మ లోపలికి జారుకుంది.

అంతలో మాలచ్చి పక్కింటి సుకిరిని నడిపించుకుంటూ వచ్చింది. సుకిరికి నొప్పులు మొదలయ్యాయి. ఆ ఊరికి జీపు రాదు. ఆసుపత్రి లోయ అవతల ఉంది. నర్సమ్మ ముందే చెప్పింది: "కుదుపు తగిలితే తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. ముల్లు ఇరవై దాటనివ్వకు."

సుకిరి వెనక కూర్చుని మాలచ్చి నడుం పట్టుకుంది. "వదినా, నెమ్మదిగా పోనీ."

"నా కళ్లు ముల్లు మీదే ఉంటాయిలే. నువ్వు గట్టిగా పట్టుకో."

బండి మంచులోకి దిగింది. చెట్టు లేదు, గట్టు లేదు, ముందు వెనకలు తెలియవు. అంతా తెలుపే. కలలో పోతున్నట్టుంది. అలాంటి మంచులో బండి ఎంత జోరుగా పోతోందో మనిషికి తెలియదు. ముల్లు ఒక్కటే చెప్పాలి.

చెమ్మకు మాత్రం ఆ తెలుపంతా తల్లిలా కనిపించింది. అమ్మా, అమ్మా అంటూ అద్దానికి ముఖం ఆనించింది. ఆనిన చోటల్లా అద్దం తెల్లబడింది. కాసేపటికి ముల్లు పూర్తిగా మాయమైంది.

మాలచ్చి కొంగుతో అద్దం తుడిచింది. పోలేదు. అరచేత్తో రుద్దింది. పోలేదు. "ఇదేటే సుకిరీ, లోపల పట్టినట్టుంది."

దారి వాలుగా ఉంది. బండి జోరు అందుకుంటోందో లేదో తెలియడం లేదు. ఒక గుంట తగిలింది. సుకిరి మూలిగింది. "వదినా, ఓర్చుకోలేకపోతున్నాను."

ఆ మూలుగు చెమ్మకు వినిపించింది. "ముల్లన్నా, ఆమెకు ఏమైంది?"

"బిడ్డ పుట్టబోతోంది. నేనెక్కడున్నానో మాలచ్చికి కనబడాలి. నువ్వు అడ్డంగా ఉన్నావు, చెల్లీ."

చెమ్మ పక్కకు జరగాలని చూసింది. చల్లటి అద్దానికి అతుక్కుపోయింది. ఎంత లాక్కున్నా రాలేదు.

సరిగ్గా అప్పుడే, ఎదుటివాళ్లకు బండి కనబడాలని మాలచ్చి లైటు వేసింది. మీటరు లోపలి దీపం కళ్లు నులుముకుంటూ లేచింది.

"దీపమక్కా, నన్ను అద్దం నుంచి విడిపించవా?" అంది చెమ్మ.

దీపం ఆలోచించింది. "నేను వేడెక్కితే నువ్వు విడివడతావు. కానీ వేడి నీకు నొప్పి."

"ఆమె నొప్పి కంటేనా అక్కా?"

దీపం వెలిగింది. వెచ్చదనం మెల్లగా అద్దాన్ని తాకింది. చెమ్మ పళ్లు బిగబట్టుకుని ముడుచుకుంది, ఇంకా ముడుచుకుంది. అద్దం నడుమ నాణెమంత చోటు తేటపడింది. ఆ చోట్లో ముల్లు కనబడింది. ముప్పై దగ్గర ఉంది.

మాలచ్చి బ్రేకు మీద పాదం ఆనించింది. ముల్లు దిగింది. బండి ఉయ్యాలలా తేలిపోతూ లోయ దాటింది.

ఆసుపత్రి చేరాక మాలచ్చి బండిని గోడ పక్కన పెట్టి సుకిరిని లోపలికి తీసుకెళ్లింది. పొద్దెక్కింది. లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తర్వాత సుకిరి నవ్వు వినిపించింది.

మీటరులో ఒక మూల చెమ్మ చిన్న చుక్కలా కూర్చుని ఉంది. రబ్బరు పట్టీకి కోపం వచ్చింది. "ఇకమీదట ఎవరినీ రానివ్వను. ఈ కన్నం ఇప్పుడే మూసేస్తాను."

"మూసేస్తే ఈ పిల్ల ఇంటికి ఎలా వెళుతుంది?" అంది ముల్లు. "లోపలే ఉండిపోతే రోజూ మాలచ్చికి ఇదే తిప్పలు. నాకు తుప్పు పడుతుంది. కాస్త దారి ఉండనీ. వచ్చినవాళ్లు వెళ్లడానికైనా ఉండాలి కదా."

రబ్బరు పట్టీ గొణుగుతూనే వెంట్రుకంత సందు వదిలిపెట్టింది.

బయటికి వచ్చిన మాలచ్చి అద్దంలోకి వంగి చూసింది. చుక్క కనిపించింది. బండిని నీడలోంచి తోసుకెళ్లి ఎండలో నిలబెట్టింది.

చెమ్మ వణికిపోయింది. ఎండ అద్దం మీదికి వంగింది. దాని ముఖం అనుకున్నంత కఠినంగా లేదు.

"మీ అమ్మ మబ్బై పైకి వెళ్లి నిన్నే వెతుకుతోంది. నా వేలు పట్టుకుంటే తీసుకెళతాను" అంది ఎండ.

"తాగెయ్యవు కదా?"

"గడ్డిపరకలకు చెట్టు కొమ్మ మీద ఏముందో కూడా కనబడదు. మబ్బుల్లో ఏముందో వాటికేం తెలుసు?"

చెమ్మ ముల్లుకు చెయ్యూపి, వెంట్రుకంత సందులోంచి బయటికి వచ్చింది. వెచ్చని వేలు పట్టుకుంది. పైకి, ఇంకా పైకి, కొండల మీద తెల్లగా ఆగి ఉన్న మబ్బు దాకా వెళ్లింది. ఆ మబ్బు దాన్ని కొంగులో చుట్టేసింది.

అప్పటినుంచే వాన రోజుల్లో, మంచు పొద్దుల్లో చెమ్మ మీటరు అద్దంలోకి వచ్చి కూర్చుంటుంది. పైనుంచి ఎంత తుడిచినా పోదు. లైటు వేస్తే నడుమ కాస్త చోటిచ్చి ముల్లును చూపిస్తుంది. బండిని ఎండలో నిలబెడితే, ఎవరూ చూడకుండా వెళ్లిపోతుంది.