మౌలాలి మేస్త్రీ విజిల్

ఓబులేసుకు ఆ పొద్దున ఒకటే మంట. తన తప్పేమిటో మేస్త్రీ చెప్పడు, తప్పు లేదని కూడా అనడు.

మౌలాలి మేస్త్రీ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. పట్టాల మీద పనిచేసే ఆ పదకొండు మంది గ్యాంగును తన తర్వాత ఎవరికి అప్పజెప్పాలో ఆయన మాట మీదే ఉంది. మేస్త్రీ మెడలోని పాత ఇత్తడి విజిల్ మీద ఓబులేసు చూపు మొదటి రోజే పడింది. అందుకే నెల కిందట ఈ గ్యాంగుకు వచ్చినప్పటి నుంచి, బండి వస్తే తన ప్లాస్టిక్ విజిల్ ఊది అందర్నీ పట్టాల మీంచి దింపే పని అడిగి మరీ తీసుకున్నాడు.

పొద్దున ప్యాసింజరు వచ్చింది. ఓబులేసు మూడుసార్లు ఊదాడు. అందరూ దిగారు, చిన్నపుల్లయ్య తప్ప. వంగి కంకర సర్దుతున్న ఆయన్ను పక్కవాడు చొక్కా పట్టి లాగాడు. బండి జానెడు దూరంలో పోయింది.

"నేను ఊదినా గదా మేస్త్రీ! ఆయన దిగకపోతే నేనేం చేసేది?"

"ఊదినావులే" అన్నాడు మౌలాలి. అంతే.

మధ్యాహ్నమైంది. అందరూ వచ్చి కూర్చుంటే గానీ ఒక్కరూ క్యారియర్ మూత తీయకూడదు. ఆ గ్యాంగులో అది మేస్త్రీ పెట్టిన కట్టుబాటు.

"అన్నాలకు పిల్చు" అన్నాడు మౌలాలి.

ఓబులేసు ఊదాడు. అందరూ వచ్చారు. చిన్నపుల్లయ్య దూరంగా వంగే ఉన్నాడు. ఈసారి బుగ్గలు పగిలేలా ఊదాడు. ఉలుకూ పలుకూ లేదు. క్యారియర్‌లో గోంగూర పప్పు, కడుపులో ఎలుకలు. మేస్త్రీ మాత్రం మూత మీద చెయ్యేసి తీరిగ్గా కూర్చున్నాడు.

ఓబులేసు గొణుక్కుంటూ ఎండలో నడిచాడు. వెనక నుంచి అరిచాడు, లాభం లేదు. చుట్టు తిరిగి కుడివైపుకు వచ్చి పిలిచాడు. చిన్నపుల్లయ్య తల ఎత్తి నవ్వాడు.

"అన్నాలా నాయనా? ఎడమ చెవి పోయి రెండేండ్లాయ, కుడిది గూడా అంతంతే. ఈ పక్క దగ్గరగా నిలబడితే ఇనపడతాది."

ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. మూతలు లేచాయి. ఓబులేసు ఆవురావురుమంటూ మొదటి ముద్ద కలిపాడు.

"అన్నం కోసం అంత దూరం నడిచినావే నాయనా" అన్నాడు మౌలాలి.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పొద్దున చొక్కా పట్టి లాగిన చెయ్యి తనది కాదు. సిగ్గుతో ఓబులేసు చెవులు కాలాయి.

కాసేపటికి లేచాడు. క్యారియర్ తీసుకుని వెళ్ళి చిన్నపుల్లయ్యకు కుడిపక్కన చతికిలబడ్డాడు.

"పుల్లన్నా, మధ్యాన్నం బండి వచ్చేటప్పుడు నువ్వు నా పక్కనే పని చెయ్యి. నేనే నీ చెయ్యి పట్టుకుంటా."

"సరే నాయనా" అని చిన్నపుల్లయ్య తన నిమ్మకాయ ఊరగాయ ఇటు జరిపాడు.

మౌలాలి మేస్త్రీ లేచి వచ్చి, మెడలోని ఇత్తడి విజిల్ తీసి ఓబులేసు క్యారియర్ మూత మీద పెట్టాడు. తిరిగి వెళ్ళి మజ్జిగన్నం కలుపుకున్నాడు.