ఏడు మెట్ల ముందు అఠాణా

మీరాబీకి కోపమొస్తే అఠాణా వాయించాలనిపిస్తుంది. అంకయ్య మాస్టారు వాయించనివ్వరు. ఏడాదిగా ఆ గురుశిష్యులిద్దరి మధ్యా ఇదే తగువు.

అఠాణా రౌద్రానికి పేరుపడ్డ రాగం. మీరాబీకి రౌద్రం కరువు లేదు. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ళ నాన్న సన్నాయి విద్వాంసుడు, కూతురి వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నేర్పాడు. ఆయన పోయాక, లయ గట్టిపడాలని డోలు వాయించే అంకయ్య మాస్టారి దగ్గరికొచ్చి చేరింది.

మాస్టారికి వినపడదు. ముప్పై ఐదేళ్ళు డోలు పక్కన తల పెట్టుకుని బతికిన మనిషికి చెవులు మిగలవు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటారు.

మూడోవాణ్ణి నేను, యేసుపాదం. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు పోయాయి. చక్రాల కుర్చీలో కూర్చుని తాళం వేస్తాను. మామూలు మేళాల్లో తాళం వేసేవాణ్ణి ఎవరూ లెక్కచెయ్యరు. మా మేళంలో అలా కుదరదు. మాస్టారికి మీరాబీ సన్నాయి వినపడదు, డోలు మీద ఆయన చెయ్యి మీరాబీకి కనపడదు. నా తాళాన్ని ఆమె వింటుంది, ఆయన చూస్తారు. వాళ్ళిద్దరూ కలుసుకునేది నా చేతుల్లోనే. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మా కచేరీలు మేం పెట్టుకుంటే నేల మీదే పెట్టుకుంటాం. ముందు వరస ఖాళీగా వదిలేస్తాం, చక్రాల కుర్చీలవాళ్ళు వచ్చి నిలుపుకోవడానికి. పక్కన పొడుగాటి చెక్కబల్ల వేసి, దాని కొసన డోలు పెడతాం. వినపడనివాళ్ళు ఆ బల్ల మీద కూర్చుని అరచేతులు చెక్కకి ఆనిస్తారు. దెబ్బ బరువెంతో వాళ్ళకి తెలిసినట్టు చెవులున్నవాళ్ళకి తెలియదు. చూపు లేనివాళ్ళకి ఎవరెవరు ఎక్కడున్నారో, ఏం వాయించబోతున్నామో నేను ముందే చెబుతాను. ఇందులో ఎవరి దయా లేదు. మా పండగ మాకు కావలసినట్టు చేసుకుంటున్నాం, అంతే.

ఒకనాడు మీరాబీ ఏదో పెళ్ళిలో వాయించి మండిపోతూ వచ్చింది. మాస్టారు వసారాలో కూర్చుని డోలు వారలు బిగిస్తున్నారు. ఆమె చేతికర్ర మూలన పడేసి అందుకుంది.

"పాపం, కళ్ళు లేకపోయినా ఎంత బాగా ఊదుతుందో అంటన్నారు. లేకపోయినా ఏంది? తప్పు ఊదినా అదే మాట, బాగా ఊదినా అదే మాట. నా సన్నాయి వినేవాడు ఒక్కడు లేడు. అందరూ నా కళ్ళే వింటన్నారు."

ఇలా పావుగంట సాగింది. పెళ్ళివారు, వంటవాళ్ళు, వీడియో తీసేవాడు, ఎవర్నీ వదల్లేదు. ఆ ఊపులో ఎటు తిరిగిందో పట్టించుకోలేదు, మొహం గోడ వైపు ఉంది. మాస్టారికి కనపడేది వీపే. ఆయన తన మానాన తను వారలు బిగించుకుంటున్నారు. నాకు నవ్వాగలేదు. నా నవ్వు చూసి ఆయన తలెత్తారు.

"ఏందమ్మాయ్, గోడతో మాట్లాడతన్నావా?"

మీరాబీ ఆగిపోయింది.

"మొహం ఇటు తిప్పి తిట్టు," అన్నారు.

ఆమె తిరిగి మళ్ళీ మొదలుపెట్టింది. పెదాలు చూసే మనిషికి చెప్పాలంటే ఒక్కో మాటా తేల్చి పలకాలి. పావుగంట తిట్టు ఈసారి మూడు మాటల్లో అయిపోయింది.

"ఆదివారం టౌన్‌హాల్లో అఠాణా ఊదతా మాస్టారూ," అంది చివర్న.

"ఇప్పుడే వద్దు."

"మరి ఎప్పుడు?"

వార లాగిన చప్పుడు మాత్రం వినపడింది ఆమెకి.

ఆ ఆదివారం కచేరీ మేం పెట్టుకున్నది కాదు. ఊళ్ళో ఒక సేవాసంఘం వాళ్ళు పెట్టారు. దివ్యాంగుల ఆత్మగౌరవ సంగీతోత్సవం అని టౌన్‌హాలు నుదుటి మీద పెద్ద బ్యానరు కట్టారు. బ్యానరు కింద ఏడు మెట్లు. ర్యాంపు వేయిస్తామని సంఘం అధ్యక్షుడు నాకు రెండుసార్లు మాటిచ్చాడు. మాకు పేరు మార్చారు కానీ మెట్లు మార్చలేదు.

నేను వెళ్ళేసరికి మెట్ల కింద కాపలాదారు చెక్కబల్ల పక్కన పది చక్రాల కుర్చీలు ఎండలో ఆగి ఉన్నాయి. నాది పదకొండోది. బ్యాడ్జీలు పెట్టుకున్న నలుగురు మనుషులు నా దగ్గరికొచ్చారు. ఒకాయన అడక్కుండానే నా చంకలో చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తియ్యండి," అన్నాను.

అధ్యక్షుడు మెట్ల మీద నుంచే నవ్వాడు. "భయం లేదయ్యా, మా వాళ్ళు జాగ్రత్తగా ఎత్తుకొస్తారు."

"ర్యాంపు వేస్తామన్నారు కదండీ."

"టైము చాల్లేదు. ఈ ఒక్కసారికి సర్దుకోవాలి."

ఈ ఒక్కసారి నాకు కొత్త కాదు. నేను డిగ్రీలో ఉండగా బహుమతి ఇస్తామని ఇలాగే నలుగురు స్టేజీ మీదికి ఎత్తారు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నలుగురూ నవ్వుతున్నారు, మధ్యలో నేను, ప్యాంటు సగం జారిపోయి. ఫొటో కింద వాళ్ళ నాలుగు పేర్లూ వేశారు. నా పేరు లేదు. మా అమ్మ ఆ పేపరు పొయ్యిలో పెట్టింది.

రానన్నాను. వాళ్ళు భుజాలెగరేసి వెళ్ళిపోయారు.

కాసేపటికి మీరాబీ గోడ పట్టుకుని మెట్లు దిగొచ్చింది. మాస్టారు అప్పటికే లోపల వేదిక మీద డోలు సర్దుకుంటున్నారట, ఆయనకి ఈ సంగతేమీ తెలియదు.

"అన్నా, ఒక్కసారికి ఎత్తించుకో," అంది.

నేను కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకున్నాను.

"మా నాన్న ముప్పై ఏళ్ళు ఊదాడు. ఊరేగింపుల్లో ఊదాడు, పెళ్ళి పందిళ్ళలో ఓ మూల నిలబడి ఊదాడు. కూర్చోబెట్టి కచేరీ ఇచ్చినోడు లేడు. బజార్లో నడిచీ నడిచీ పోయాడు. నాకు ఇయ్యాల వేదిక మీద చాప వేశారన్నా."

ఆ మాట నిజం. ఆమె చేతిలో ఉన్నది వాళ్ళ నాన్న సన్నాయే. అది నాకూ తెలుసు. కానీ ఆమె చెల్లెల్లాంటిది కాబట్టే నాకు ఇంకా మండింది.

"నీ చాప దాకా నన్ను మూటలా మోయిస్తావా?" అన్నాను.

ఆమె గొంతు మారిపోయింది. "వాళ్ళల్లో భజనలు చేసే ఆయన ఉన్నాడంట. తాళం ఆయన వేస్తానన్నాడు," అంది.

అని మళ్ళీ గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఏడు మెట్లూ లెక్కపెట్టాను. ఒక్క మెట్టు మీద కూడా ఆగలేదు.

బయట చెట్టుకి లౌడ్‌స్పీకరు కట్టారు. మా పదకొండు మందికీ సంగీతోత్సవం అందులోంచే. అధ్యక్షుడు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఈ అభాగ్యులన్నాడు. దేవుడు ఒకటి తీసుకుని ఇంకొకటి ఇచ్చాడన్నాడు. ముఖ్య అతిథిగారి కళ్ళు చెమర్చేలా ఏదైనా కరుణరసంలో వాయించమన్నాడు. నా పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ కొంగుతో చెమట తుడుచుకుంటూ, "ఆయన కళ్ళు చెమర్చడానికా మనల్ని ఎండబెట్టింది?" అంది.

మీరాబీ సన్నాయి ఎత్తింది. ఏ రాగమో చెప్పను, ఆమె మనసు అందులో లేదు. ఆలాపన అయింది, కీర్తన మొదలైంది. భజన పెద్దమనిషి తాళం వినపడుతోంది. డోలు మాత్రం రాలేదు.

లోపల జరిగింది తర్వాత తెలిసింది. ఆ పెద్దమనిషి తాళాలు ఒళ్ళో పెట్టుకుని వేస్తున్నాడు. మాస్టారు ఎప్పట్లా కుడిపక్కకి చూశారు. నేను లేను. ఇటు చూశారు, అటు చూశారు. డోలు కర్ర ఎత్తి పట్టుకుని అలాగే కూర్చున్నారు. సన్నాయి ఒంటరిగా రెండు తాళావర్తనాలు తిరిగి ఆగిపోయింది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు లోపల్లోపల సంతోషమే వేసింది.

"యేసుపాదం ఏడీ?"

మాస్టారి గొంతు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఆయన ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతారు. లౌడ్‌స్పీకరు అదిరింది.

అధ్యక్షుడు ఏదో అన్నాడు.

"మైకు దించి చెప్పండి. నోరు కనపడట్లేదు."

"కింద ఉన్నాడండీ. ఎత్తుకొస్తామంటే రానన్నాడు. మీరు కానివ్వండి."

తర్వాత లౌడ్‌స్పీకర్లో గుడ్డ రాసుకున్న చప్పుడు. మాస్టారు లేచి డోలు మెడకి తగిలించుకుంటున్నారు, ఊరేగింపులో తగిలించుకున్నట్టు. ఒక దెబ్బ పడింది. రెండోది మైకుకి కొంచెం దూరంగా పడింది. మూడోది ఇంకా దూరంగా. డోలు నడుస్తోంది.

డోలు కదిలితే సన్నాయి వెనక నడవాలి. మీరాబీకి ఇది నాలుగో ఏట నుంచీ తెలుసు, నాన్న చొక్కా పట్టుకుని నడిచింది. ఆవేళ ఆమె లేవలేదు. చాప మీద అలాగే కూర్చుంది.

మాస్టారు ఒక్కరే తలుపులోంచి బయటికొచ్చారు. మెట్లు దిగి, కాపలాదారు బల్ల నా ఎదురుగా లాక్కుని, కొసన డోలు పెట్టి కూర్చున్నారు. నా చేతుల వైపు చూశారు. తాళం వెయ్యమన్నట్టు గడ్డం ఆడించారు. మీరాబీ సంగతి అడగలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

నేను ఆదితాళం వేశాను. ఆయన వాయించారు.

ఆయన వెనకే ముందుగా వచ్చినవాళ్ళు వినపడనివాళ్ళు. ఎలాగూ వినపడదు కదా అని లోపల వాళ్ళని చివరి వరసలో వేశారు. తలుపుకి దగ్గరున్నదీ వాళ్ళే. వచ్చి బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు, చోటు దొరకనివాళ్ళు వంగి చెక్క మీద అరచేతులు పెట్టారు. తర్వాత చూపు లేనివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు. చివరికి పెద్దమనుషులు వచ్చారు, ముఖ్య అతిథి, ఆయన వెనక అధ్యక్షుడు. లోపల సోఫాలు వేశారు కానీ సోఫా ఎవరు మోసుకొస్తారు? మెట్ల మీద ఎండలో నిలబడ్డారు. అక్కడ హాయిగా కూర్చున్నది కుర్చీ వెంట తెచ్చుకున్నవాళ్ళే.

అప్పుడు చేతికర్ర చప్పుడు. ఎవరో మోచెయ్యి పట్టుకోబోతే, "నేనే దిగతా," అన్న మాట వినపడింది. మీరాబీ ఏడు మెట్లూ దిగొచ్చి నిలబడింది. సన్నాయి గుండెకి ఆనించుకుంది. మాస్టారు కర్ర ఆపారు.

"మా నాన్నకి దక్కంది నాకు దక్కింది మాస్టారూ. దాంట్లోంచి నన్ను దించేశారు మీరు," అంది.

ఆ మాటంటూ మొహం హాలు తలుపు వైపు తిప్పేసింది. మాస్టారికి ఒక్క ముక్క తెలియలేదు. నేను చెప్పబోయాను. ఆమే నాలిక కరుచుకుని ఆగింది. డోలు ఇందాక ఎటు మోగిందో గుర్తు తెచ్చుకుని, నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది.

ఇందాకటి మాట మళ్ళీ అనలేదు. పెదాలు తేల్చి, "మాస్టారూ, కోపంగా ఉంది," అంది.

"ఎవరి మీద?"

ఆమె వంగి, చెయ్యి చాపి గాలిలో వెతికింది. నా కుర్చీ చక్రం దొరికింది. ఎండకి కాలుతున్న ఇనుము. చెయ్యి తియ్యలేదు.

"అన్నా, తాళం ఎత్తు," అంది.

నాకు కోపం పోలేదు. తాళం మాత్రం ఎత్తాను.

ఇంతలో అధ్యక్షుడు మెట్టు దిగి, "ఇదేం పద్ధతండీ, అతిథులు ఎండలో నిలబడ్డారు," అన్నాడు. మీరాబీ సన్నాయి పీకని నాలికతో తడిపి, మొహం మాస్టారి వైపు ఉంచి అడిగింది.

"మాస్టారూ, ఆ మెట్లు ఎటున్నాయి?"

అంకయ్య మాస్టారు లేచారు. ఆమె రెండు భుజాలూ పట్టుకుని, ఏడు మెట్లకీ వాటి మీద నిలబడ్డ వాళ్ళకీ ఎదురుగా తిప్పి నిలబెట్టారు.

"ఇప్పుడు ఎత్తుకో అఠాణా," అన్నారు.