మాటలమింగుడి తోట

అనగనగనగా ధవళకేతు అనే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు: మణికేతు, రవికేతు, శశికేతు. చల్లటి రాజ్యం, చక్కటి జనం.

ఒకనాటి ఉదయం ఆకాశంలో కొండంత నోరొకటి తెరుచుకుంది. అది మాటలమింగుడు అనే మాంత్రికుడి నోరు. "మూడక్షరాల మాటల్లో, నడుమ ల, చివర క ఉన్నవన్నీ ఈ రోజు నుంచి నావి! వాటిలో ఒకదాంట్లో నా ప్రాణం ఉంది. ఏడు సముద్రాల అవతల నా తోటలోనే ఉంది. చేతనైతే పిలిచి పట్టుకోండి!" అని అరిచి, ఊపిరి పీల్చాడు. ఆ మాటలన్నీ గాలిలో మెరుస్తూ నోట్లోకి వెళ్లిపోయాయి.

మాట పోతే ఏమైందిలే అనుకున్నారా? పేరు పోయిన వస్తువు కంటికి ఆనదు, పిలిచి రప్పిస్తే తప్ప చేతికి అందదు. బడిలో పలక పోయింది. బావిమీద గిలక పోయింది. అంతఃపురంలో అలక పోయింది. దానికి మాత్రం రాజుగారు లోలోపల సంతోషించారనుకోండి! కానీ మొలక కూడా పోయింది. చల్లిన విత్తనం చల్లినట్టే మట్టిలో పడి ఉంది. గాదెలు ఖాళీ అవుతున్నాయి. ఇంకో పంట రాకపోతే రాజ్యం మొత్తం ఆకలితో మాడిపోతుంది.

రాణి కొడుకులను పిలిచి, "నాయనలారా, పేరు చెప్పకుండా పిలిచే విద్య ఒకటి నా దగ్గరుంది, నేర్చుకుని వెళ్లండి" అంది.

"ఆడవాళ్ల విద్యలు నాకెందుకమ్మా?" అని మణికేతు వెళ్లాడు, తిరిగి రాలేదు. "నాకూ అక్కర్లేదు" అని రవికేతు వెళ్లాడు, తిరిగి రాలేదు. శశికేతు మాత్రం తల్లి పక్కన కూర్చున్నాడు. రాణి అతని చెవిలో ఏదో చెప్పి నవ్వింది. అతనూ నవ్వాడు.

పడవవాళ్ల అమ్మాయి తరంగిణి అతణ్ణి ఏడు సముద్రాలూ దాటించింది. పాల సముద్రం, తేనె సముద్రం, చీకటి సముద్రం, ఇంకా నాలుగు. ఏడోదానిలో అలలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు.

తోట చుట్టూ ఆకాశాన్ని అంటే గోడ. గోడ కింద ఎవరో కిచకిచమని ఏడుస్తున్నారు. మనిషి లేడు, జంతువు కనబడదు. శశికేతు ఆలోచించి, "వినాయకుణ్ణి మోసే మహానుభావా, ఎందుకేడుస్తున్నావు?" అన్నాడు.

"నన్నేనా పిలిచావు? ఎన్నాళ్లయిందయ్యా ఒకరు పిలిచి!" అంటూ ఎలక కళ్లు తుడుచుకుంది. ఆ సంబరంలో గోడ కింద గబగబా కన్నం తవ్వి పెట్టింది.

ఇద్దరూ అందులోంచి దూరి వెళ్తే, లోపల చెట్టుచెట్టుకూ వేల పక్షులు. వాటి మధ్య అన్నలిద్దరూ నోళ్లు తెరుచుకుని రాళ్లయి నిలబడ్డారు. వాళ్ల నోటికి ఆ పేరు అందలేదు మరి. శశికేతుకు గుండె చెరువైంది.

అయినా తమాయించుకుని, "పండ్లు కొరికేవాడా!" అని పిలిచాడు. ఉడుత వచ్చింది. "పచ్చరెక్కలవాడా!" అన్నాడు. మిడత వచ్చింది. తప్పుగా పిలిచిన కొద్దీ అతని పాదాలు రాయి అవుతున్నాయి.

"దొరా, పడవలో చెప్పారే, అమ్మగారి విద్య!" అని తరంగిణి అరిచింది.

శశికేతు గొంతు సవరించుకుని, తన తల్లి తండ్రిని ఎలా పిలుస్తుందో అచ్చం అలాగే పిలిచాడు. "ఏమండీ... మిమ్మల్నే!"

నెమలి కదల్లేదు. కోకిల కదల్లేదు. పేరున్న పక్షులన్నీ తమ పేరు వినబడలేదు కదా అని ఊరుకున్నాయి. పేరు లేనిది ఒక్కటే, తననే అనుకుని ఎగిరొచ్చి శశికేతు చేతిమీద వాలింది. కంటికి కనబడకపోయినా బరువు తెలిసింది. తరంగిణి కొంగు విప్పి దాన్ని కప్పేసింది.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. "కుర్రవాడా, వదులు! ఏం కావాలన్నా ఇస్తాను!"

"మింగినవన్నీ తిరిగివ్వు."

గత్యంతరం లేక వాడు నోరు తెరిచాడు. ఒక్కొక్క మాటా మిణుగురులా బయటికొచ్చి ఆకాశం నిండిపోయింది. ఆ వెలుగులో శశికేతు, తరంగిణి చేతులు జోడించి నిలబడిపోయారు. రోజూ వాడి పారేసే మాటలు ఇంత అందంగా ఉంటాయని వాళ్లెప్పుడూ అనుకోలేదు. చివరి మాట వచ్చి కొంగు మీద వాలగానే లోపల నుంచి, "నేను చిలకని!" అని వినిపించింది. తన పేరు తనకు దొరికాక అందులో ఇంకొకడి ప్రాణానికి చోటు లేకపోయింది. మాంత్రికుడు బూడిదై రాలిపోయాడు. అన్నలు కదిలారు.

వాళ్లు తిరిగొచ్చేసరికి రాజ్యమంతా పచ్చగా మొలకలు. రైతులు పొలం గట్టున కూర్చుని, వాటిని తాకి చూసి ఏడ్చారు.

శశికేతుకు తరంగిణితో పెళ్లయింది. గడపలో ముత్తైదువులు అడ్డం నిలబడి, "మొగుడి పేరు చెబితేనే లోపలికి!" అన్నారు. పెళ్లికూతుళ్లు సిగ్గుపడి నసుగుతారని వాళ్ల సరదా. తరంగిణి మాత్రం తల ఎత్తి, "శశికేతు!" అంది, వీధి చివరిదాకా వినబడేలా. "పేరు పోతే మనిషేమవుతాడో నేను చూసి వచ్చానండీ" అంది.

గడప లోపల హారతి పట్టుకున్న రాణి చెయ్యి ఆగిపోయింది. పెళ్లయిన నాటి నుంచి తన మొగుడి పేరు ఆమె ఒక్కసారైనా పలికి ఎరగదు. ఆమె మెల్లగా వెనక్కి తిరిగి, "ధవళకేతూ" అంది.

మహారాజు చెమర్చిన కళ్లతో, "ఆఁ, ఇక్కడే ఉన్నాను" అన్నాడు. ఆ రెండు జంటలూ ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ నిండు నూరేళ్లు ఏలారు. కథ కంచికి, చిలక చెట్టుకు, మీరు పక్కల మీదికి!