తప్పిపోయిన రెండు ఏనుగులు

నీలవరం రాజ్యాన్ని భీమగజపతి అనే రాజు ఏలుతున్న రోజుల మాట. తన పాఠశాల అంటే ఆయనకు మహా గర్వం. అందులో నలభైమంది పిల్లలు. గురువు పలికినదే పలకాలి, పక్కవారితో మాట్లాడితే బెత్తం దెబ్బ. అది రాజుగారి శాసనం.

రాజుగారి కూతురు కువలయ కూడా అక్కడే చదివేది. రెండేళ్లు గడిచేసరికి ఆ పిల్ల తనంతట తాను నోరు విప్పడం మానేసింది. "ఆకలేస్తోందా తల్లీ?" అని రాణి అడిగితే, ఎటో చూస్తూ "ఆకలేస్తోందా తల్లీ?" అనేది. గాలి సోకిందని భూతవైద్యులను పిలిపించారు. వాళ్ల మంత్రాలను కూడా పొల్లు పోకుండా అప్పజెప్పింది. వాళ్లు విభూతి సంచి అక్కడే వదిలి వెళ్లిపోయారు.

రాణి కన్నీళ్లతో కొమ్మనను పిలిపించింది. కొమ్మన సభలో మాటకారి, రాజును చిన్ననాటి నుంచి ఎరిగినవాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం పాఠశాలకు వెళ్లాడు.

గురువు దగ్గాడు. నలభైమందీ అలాగే దగ్గారు. ముందు వరుసలోని పిల్లను "నీ పేరేమిటమ్మా?" అని కొమ్మన అడిగాడు. "నీ పేరేమిటమ్మా?" అన్నాయి నలభై గొంతులు. ఏ గొంతు ఎవరిదో తెలియలేదు.

తిన్నగా సభకు వెళ్లాడు. "ప్రభూ, అమ్మాయికి పట్టింది దయ్యం కాదు, మన చదువు."

రాజు ముఖం ఎర్రబడింది. "అయితే నెల రోజులు నువ్వే చదివించు. ఆపైన సభలో పరీక్ష. ఓడితే పొలిమేర దాటాలి."

"చిత్తం. ప్రశ్న మాత్రం ఎక్కాల్లోంచి తమరే అడగాలి."

కొమ్మన పిల్లలను ఇద్దరిద్దరిగా ఎదురెదురు కూర్చోబెట్టాడు. "ఒకరు అడగండి, ఒకరు చెప్పండి. తర్వాత మార్చుకోండి. ఇద్దరికీ తెలియకపోతే గులకరాళ్లు పేర్చి చూసుకోండి. అప్పటికీ తేలకపోతేనే గురువుగారిని అడగండి."

రెండు రోజులు ఎవరూ పెదవి కదపలేదు. రెప్పవేయకుండా ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చున్నారు. ఆ గదిలో ఉండలేక గురువు అరుగు మీదికి వెళ్లిపోయాడు.

మూడో రోజు కువలయ జత, కుమ్మరివారి పిల్ల సోమి, ఇసుకలో 'థ' రాస్తూ చుక్క మరిచింది. కువలయ చాలాసేపు దాన్నే చూసింది.

"కాదు," అంది.

ఆ మాట ఆమెకు ఎవరూ అందించలేదు.

"మరెట్లా?" అంది సోమి. కువలయ వేలితో చుక్క పెట్టింది. సాయంత్రానికి గది నిండా గుసగుసలు. వాటిలో ఏ గొంతు ఎవరిదో గురువు మొదటిసారి గుర్తుపట్టి, పైకండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. రాజు మీసం దువ్వి అన్నాడు: "మా గజశాలలో ఏడు వరుసలు, వరుసకు ఎనిమిది ఏనుగులు. మొత్తం యాభై నాలుగు. అవునా?"

"యాభై నాలుగు, మహాప్రభూ," అన్నారు మంత్రులు, పండితులు, సేనాపతి. అంతా ఒకే గొంతు.

పిల్లలు మాత్రం ఒకరివైపు ఒకరు తిరిగారు. నిశ్శబ్దమైన సభలో గులకరాళ్లు టక్కుటక్కుమన్నాయి. కువలయ, సోమి లేచి నిలబడ్డారు.

"యాభై ఆరు, నాన్నగారూ," అంది కువలయ.

రాజు కొమ్మనవైపు తిరిగాడు. "తప్పెవరిది?"

"చిన్నప్పుడు తమరి పక్కన కూర్చుని చదివినవారిని అడుగుదాం ప్రభూ. వారెవరో సెలవివ్వండి."

"నా పక్కన ఎవరూ కూర్చోలేదు," అన్నాడు రాజు మెల్లగా.

"అందుకే ప్రభూ, ఆ రెండు ఏనుగులూ నలభై ఏళ్లుగా తప్పిపోయి తిరుగుతున్నాయి."

రాజు పకపకా నవ్వాడు. సభంతా పకపకా నవ్వింది. ఆయన ఆపగానే అందరూ ఒక్కసారిగా ఆగారు. ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూసిన రాజుకు ఒళ్లు జలదరించింది.

ముత్యాలహారం తీసి కొమ్మన మెడలో వేశాడు. సింహాసనం దిగివచ్చి పిల్లలిద్దరి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏడెనిమిదులు ఎంతో ఇంకోసారి చెప్పు తల్లీ."

"నేను చెప్పను," అంది కువలయ, రాళ్లు ఆయన ముందుకు తోస్తూ. "మీరు పేర్చండి. మేం చూస్తాం."