దళవాయి పటం

అనగనగా ఒక రాజు. ఆయనకి ఒక్కడే కొడుకు, జయకేతుడు. ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు ఒకనాడు వచ్చి ఆ రాకుమారుణ్ణి ఎత్తుకుపోయాడు. "మూడో పున్నమికి వీణ్ణి రాతిబొమ్మను చేసేస్తా" అని చెప్పి మరీ పోయాడర్రా!

విడిపించుకు రావలసినవాడు సేనకంతటికీ పెద్ద అయిన దళవాయి వీరమల్లు. కానీ ఆ రాజ్యంలో ఒక ఆచారం ఏడిచింది. దళవాయి యుద్ధానికి వెళ్ళేముందు అతని పటం గీసి కొలువులో పెట్టాలిట. పటంలో కళ్ళు ఆఖర్న దిద్దాలిట. కళ్ళు దిద్దేదాకా మనిషి గుమ్మం దాటకూడదుట!

పటం గీసేది సింగారి. రాకుమారుడితో కలిసి అక్షరాలు దిద్దిన పిల్ల, అతనంటే ప్రాణం. మొదటి పున్నమికల్లా అంతా గీసి, కళ్ళు దిద్దబోయింది.

"ఆగమ్మాయ్! రొమ్ము మీద ఇంకో పతకం పడాలి" అన్నాడు వీరమల్లు. పెట్టింది. రెండో పున్నమికి, "మీసం పలచబడిందే!" అన్నాడు. ఒత్తు చేసింది. మూడో పున్నమి మూడు రోజులుందనగా, "మీసం పతకాలకి అడ్డొస్తోంది, కాస్త తగ్గించు" అన్నాడు మహానుభావుడు!

సింగారికి ఒళ్ళు మండిపోయింది. "అసలు తమకి వెళ్ళాలని ఉందా, లేదా?"

వీరమల్లు తల దించుకున్నాడు. "లేదు తల్లీ. భయం."

"ఆ ముక్క మొదటి పున్నమికే ఏడవచ్చుగా!" అని, రంగుల సంచి భుజాన వేసుకుని తనే బయల్దేరింది.

సముద్రపు ఒడ్డున ఓ గండభేరుండ పక్షి పలకరించింది. "ఎక్కడికే పిల్లా, అంత విసురుగా?"

సంగతి విని జాలిపడి వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. "వాడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక ఎక్కడుందో వాడికే తెలుసు" అని చెప్పి మాంత్రికుడి గుమ్మంలో దింపింది.

"ఎవరే నువ్వు?" అని గర్జించాడు కరాళుడు.

"పటాలు గీసేదాన్ని. తమరి పటం గీద్దామని వచ్చాను."

వాడి మొహం చేటంత అయింది. గద్దె మీద కూర్చుని, "పుర్రెల దండ వెయ్యి" అన్నాడు. వేసింది. "కోరలు పెద్దవి చెయ్యి" అన్నాడు. చేసింది. అవతల పొద్దు వాలిపోతోంది, పున్నమి చంద్రుడు వచ్చేస్తున్నాడు! సింగారి పళ్ళు నూరుకుంటూ కళ్ళు దిద్దబోయింది.

"ఆగాగు! భుజం మీద నా చిలక లేకపోతే ఎలా?" గద్దె కింది అరలోంచి చిలకను తీసి, "ఈక ఈకా చూసి గియ్యి" అని ఆమె చేతిలోనే పెట్టాడు, వెర్రి వెధవ!

"కదలకండి. కదిలితే పటం పాడు."

వాడు ఊపిరి బిగబట్టాడు. సింగారి చిలక మెడ పుటుక్కున విరిచింది. వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే కూలిపోయాడు.

మూలన కట్టిపడేసి ఉన్న రాకుమారుడి సంకెళ్ళు ఊడిపడ్డాయి. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మీరంతా?" అని కేకలేశాడు.

"మీసాలు దిద్దుతున్నాను!" అని సింగారి బావురుమంది. ఇంకొక్క గడియ ఆలస్యమైతే ఏమయ్యేదో అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. రాకుమారుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

గండభేరుండ పక్షి ఇద్దర్నీ మళ్ళీ ఏడు సముద్రాలూ దాటించి ఇంటికి చేర్చింది. పట్టిన చెయ్యి వదల్లేదు, పెళ్ళి చేసుకున్నాడు రాకుమారుడు. "కోడలా, ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"ఆ ఆచారం ఎత్తెయ్యండి మావయ్యగారూ. ముందు మనిషిని తెచ్చుకుందాం, బొమ్మల సంగతి తర్వాత."

ఎత్తేశాడు. సింగారీ జయకేతుడూ నిండు నూరేళ్ళు రాజ్యం ఏలారు. వాళ్ళ ఏలుబడిలో ఎవరికి ఆపదొచ్చినా, కబురందిన పూటే మనిషి బయల్దేరేవాడు.