గూటాలవారి ఊగే ఇల్లు

పెదగరువులో తెలివి పంచిపెట్టిన నాడు గూటాలవారి ముగ్గురన్నదమ్ములూ గంపలు పట్టుకుని అందరికంటే ముందు వరసలో నిలబడ్డారని చెప్పుకుంటారు. చెప్పుకునేది మరెవరో కాదు, ఆ ముగ్గురే. గంపలకి అడుగుందో లేదో మాత్రం ఎవరూ చూడలేదు.

పెద్దవాడు గవర్రాజు. వానొస్తే గొడుగు తడిసి పాడవుతుందని దాన్ని చొక్కాలో దాచుకుని, తాను తడుస్తూ ఇంటికొచ్చేవాడు. నడిపివాడు ఏడుకొండలు. అన్నయ్య ఏమంటే అది రెండోసారి అనడం ఇతని పని. ఆఖరివాడు పండుదొర. ఇతనికి రాయడం వచ్చు. ఏం రాయాలో తెలీదు గానీ, రాయడం వచ్చు.

ముగ్గురూ స్థలాల బేరాలు కుదిర్చేవాళ్ళు. పన్నెండేళ్ళుగా ఒకళ్ళ స్థలం ఇంకొకళ్ళకి చూపించీ చూపించీ, గవర్రాజుకి సొంతంగా ఒక వెంచరు వెయ్యాలని ఆశ పుట్టింది. ఆశంటే మామూలు ఆశ కాదు. అన్నం ముందు కూర్చుంటే వేలితో అన్నంలో నలభై అడుగుల రోడ్లు వేసేవాడు, పప్పు పోసి కాలువలు పారించేవాడు, వడియాలు నిలబెట్టి అపార్టుమెంట్లు కట్టేవాడు. కట్టిన ఊరు తినెయ్యడానికి మనసొప్పక పస్తుండేవాడు. పన్నెండేళ్ళలో మనిషి చీపురుపుల్లైపోయాడు.

మరి స్థలమో? మేనత్త వీరరాఘవమ్మకి కాలువ గట్టున ఏడెకరాల కొబ్బరితోట ఉంది. ఆవిడ ఒక్క కేక వేస్తే పది ఊళ్ళ కాకులు వలసపోతాయి. ఆ కేకకి ఎదురు నిలబడి గవర్రాజు అడిగేశాడు.

"అత్తయ్యా, తోట నాకిచ్చెయ్యి. ఊరు కట్టేస్తాను."

"నీకేం తెలుసురా ఊళ్ళు కట్టడం? మీ స్థలాలోళ్ళ సంఘం జపాను తీసుకెళ్తోందంట కదా, అక్కడి పట్నాలు ఎలా కట్టారో చూపించడానికి. వెళ్ళు. అక్కడి పెద్దలు చెప్పింది చెప్పినట్టు చెయ్యి, పొల్లు పోనీకు. తిరిగొచ్చి అక్కడి పద్ధతిలో ఒక్క ఇల్లు కట్టి చూపించు. నచ్చిందా, తోట నీది. నచ్చలేదా, మా మరిది కొడుకు చెల్లారావుకి రాసిచ్చేస్తాను."

అంతే. ముగ్గురూ విమానం ఎక్కేశారు.

టోక్యోలో దిగగానే సంఘం తరఫున అందర్నీ తిప్పే పానకాలరావు పసుపు జెండా పైకెత్తి చెప్పాడు. "అయ్యా, ఇక్కడ తప్పిపోతే దొరకరు. పసుపు జెండా ఎటెళ్తే మీరూ అటే. చూసిందల్లా రాసుకోండి."

"జెండా ఎటెళ్తే అటు," అన్నాడు గవర్రాజు.

"అటు," అన్నాడు ఏడుకొండలు.

పండుదొర అప్పటికే రాస్తున్నాడు. 'ఒక కాకి. ఒక స్తంభం. ఇంకో కాకి. మొదటి కాకే మళ్ళీ.' పది గజాలు నడిచేసరికి సగం పుస్తకం నిండిపోయింది. అతనికీ తెలివి లేకపోలేదు. ఒక కన్ను మూసుకున్నాడు, సగమే కనిపిస్తే సగమే రాయొచ్చని.

వీధి మలుపులో ఒక బడి. బడి ముందు ఒక ముసలావిడ, చేతిలో పసుపు జెండా. పిల్లల్ని రోడ్డు దాటించడం ఆవిడ పని. ఇంకేముంది, పానకాలరావు తన జెండాతో కుడికి తిరిగాడు, మనవాళ్ళు ఆవిడ జెండా వెనకాల ఎడమకి తిరిగారు. ఆవిడ పిల్లల్ని అవతలికి దాటించింది. వీళ్ళూ దాటారు. ఆవిడ ఇవతలికి వచ్చింది. వీళ్ళూ వచ్చారు. దాటినప్పుడల్లా ఆవిడ వంగి దండం పెట్టింది, వీళ్ళూ పెట్టారు. అలా ఎనభై ఆరు సార్లు. పిల్లలందరూ లోపలికెళ్ళి పాఠాలు మొదలెట్టినా వీళ్ళు దాటుతూనే ఉన్నారు. ఆవిడ భయపడి ఇంటికెళ్తే ఇంటిదాకా వెళ్ళారు. గుమ్మం దగ్గర జెండా చుట్టి లోపల పెట్టేసుకుంది.

"జెండా పడుకుంది," అన్నాడు గవర్రాజు. "మనమూ పడుకోవాలి."

ఆవిడ వాకిట్లో ముగ్గురూ గుర్రుపెట్టారు. పానకాలరావు ఊరంతా గాలించి పట్టుకునేసరికి ముసలావిడ వాళ్ళకి దుప్పటి కూడా కప్పింది.

"ఏం నేర్చుకున్నారండీ?" అన్నాడతను ఏడుపు గొంతుతో.

"రోడ్డు గట్టిగా వేశారో లేదో తెలియాలంటే ఎనభై ఆరు సార్లు దాటాలండి, ఆయ్," అన్నాడు గవర్రాజు.

మర్నాడు ఒసాకా ప్రయాణం. ప్లాట్‌ఫారం పొడుగునా పసుపు గీత ఉంది. పానకాలరావు ఈసారి ఒక్కొక్కళ్ళ కళ్ళలోకీ చూసి మరీ చెప్పాడు. "బాణంలా వస్తుంది రైలు. పసుపు గీత దాటకండి, పుణ్యముంటుంది."

రైలొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అందరూ ఎక్కారు. ముగ్గురూ గీతకి ఇవతల రాళ్ళల్లే నిలబడ్డారు. తలుపులు మూసుకుంటుంటే పానకాలరావు కిందకి దూకేశాడు.

"ఎక్కరేంటండీ!"

"గీత దాటొద్దన్నారు కదండీ?" అన్నాడు గవర్రాజు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యమని మా అత్తయ్య. తోట పోతే మీరిస్తారా?"

ఇంకో రైలు పోయింది. ఇంకోటి పోయింది. అప్పుడు గవర్రాజు బుర్ర గిర్రున తిరిగింది. "ఒరే, మనం దాటకూడదు గానీ మన పెట్టె దాటొచ్చు. పెట్టెకేమీ చెప్పలేదుగా!"

అంతే. పండుదొరని చక్రాల పెట్టె మీద కూర్చోబెట్టి ఒక్క తోపు తోశాడు. ఏడుకొండల్నీ అలాగే తోశాడు. ఇక తనని తొయ్యడానికెవరున్నారు? పానకాలరావే. ఆ కోపంలో తోసిన తోపుకి పెట్టె ఈ తలుపులోంచి ఎక్కి, రైలు పెట్టెలన్నీ దాటి, భోజనాల బండిని గుద్ది ఆగింది. రైలు ఆ రోజు అరనిమిషం ముందే ఒసాకా చేరిందంటే ఆ తోపు వల్లే.

ఒసాకాలో కురోకావా గారని పెద్ద బిల్డరు. వెన్నపూసలాంటి మనిషి. యాభై అంతస్తుల పైన, జనానికి చూపించడానికి కట్టిన మోడల్ ఫ్లాటులోకి తీసుకెళ్ళి, చేతులు కట్టుకుని ఏదో అన్నాడు.

"దీన్ని మీ సొంత ఇల్లే అనుకోమంటున్నారు," అని తెలుగులో చెప్పాడు పానకాలరావు. చెప్పి, మిగతా అందర్నీ బాల్కనీలోకి తీసుకెళ్ళాడు.

గవర్రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. "విన్నావుట్రా ఏడుకొండలూ? సొంత ఇల్లే అనుకోమన్నాడు. సొంత ఇల్లయితే మరి గృహప్రవేశం చెయ్యకుండా కాళ్ళు పెట్టేశామేంట్రా! అరిష్టం!"

"అరిష్టం!"

ముగ్గురూ యాభై అంతస్తులూ దిగారు. పాలు దొరికాయి. ఆవు కావాలి కదా, గడప ముందు ఆవు దాటాలి కదా? ఒసాకా అంతా చూసినా ఆవు లేదు. పండుదొర తెరిచి ఉన్న కంటితో పాల డబ్బా చూశాడు.

"అన్నయ్యా, ఆవు ఇదిగో, డబ్బా మీదుంది!"

"నాలుగు కాళ్ళూ ఉన్నాయా?"

"మూడు కనిపిస్తున్నాయి. నేను ఒక కన్నే తెరిచాను కదా."

ఇంకేముంది, మళ్ళీ పైకొచ్చి డబ్బాని తోకవైపు నుంచి అదిలిస్తూ గడప దాటించారు. ఆ వెనక కుడికాలు పెట్టి తామూ దాటారు. అలంకారానికి పెట్టిన ప్లాస్టిక్ మొక్క ఆకులన్నీ తుంచి తోరణం కట్టారు. సామానులోంచి అగరొత్తులు తీసి కట్టకి కట్టే వెలిగించారు. పొయ్యి మీద పాలు పెట్టి పెద్ద మంట పెట్టారు. పాలు పొంగాయి. పొంగడమంటే అలా ఇలా కాదు. పొయ్యి నిండి, గట్టు నిండి, సోఫా కిందకి పాయలుగా పారాయి. పొగ కప్పుకి తగిలింది. తగలగానే కుయ్యోమని కూత, కప్పులోంచి జల్లుమని వాన!

"నారాయణ! ఇంట్లోనే వాన!" అని గవర్రాజు గంతులేశాడు. "రాయరా, రాయి. బావి అక్కర్లేదు, కుళాయి అక్కర్లేదు!"

కురోకావా గారు పరుగెత్తుకొచ్చాడు. అతిథులు తడిశారని నడుము వంచి క్షమాపణ చెప్పాడు. పెద్దాయన వంగితే మనం వంగకపోవడమేంటని ముగ్గురూ వంగారు. వీళ్ళు లేవలేదని ఆయన లేవలేదు, ఆయన లేవలేదని వీళ్ళు లేవలేదు. అరగంట వానలో నలుగురూ అలాగే వంగి ఉన్నారు. ఆయన వీపు మీద కప్ప ఎక్కి కూర్చుందంటారు. యాభయ్యో అంతస్తుకి కప్ప ఎలా వచ్చిందని అడక్కండి.

"ఇక పదండి బాబూ," అన్నాడు పానకాలరావు.

"అదెలాగండీ? గృహప్రవేశం చేసిన ఇంట్లో మూడు నిద్రలు చెయ్యొద్దూ? పర్లేదు, ముగ్గురం ఉన్నాం కాబట్టి తలో నిద్రా చేస్తే మూడైపోతాయి," అని తడి మంచం మీద అక్కడికక్కడే మూడు నిద్రలూ కానిచ్చేశారు.

ఆఖరి రోజున కురోకావా గారి ఇంజనీరు ఒక బల్ల మీద రెండు బొమ్మ ఇళ్ళు పెట్టి బల్లని కుదిపాడు. నేలకి అతికిన ఇల్లు పేకమేడలా కూలింది. అడుగున రబ్బరు పెట్టిన ఇల్లు ఇటూ అటూ ఊగి నిలబడింది. "మాకు భూకంపాలెక్కువ. ఊగే ఇల్లే నిలిచే ఇల్లు," అన్నాడు ఇంజనీరు.

గవర్రాజు ఆ మాట గుండెకి హత్తుకున్నాడు. దొరికింది! తోట దొరికినట్టే!

ఊరికి రాగానే వీరరాఘవమ్మ తోటలోనే, కాలువ గట్టు మీద ఇల్లు మొదలెట్టాడు. సిమెంటు వాడితే నేలకి అంటుకుంటుందని సిమెంటు ముట్టుకోలేదు. చెక్కలూ తడికలూ కలిపి గోడలు కట్టాడు. అడుగున రబ్బరు ఉండాలి కదా, జిల్లాలో ఉన్న లారీ ట్యూబులన్నీ గాలి కొట్టించి పరిచాడు. వారం రోజులు జిల్లాలో ఏ లారీ కదల్లేదు.

ఇల్లు చూపించే రోజున ఊరు ఊరంతా వచ్చింది. వీరరాఘవమ్మ లోపలికెళ్ళి, హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకుంది. అటూ ఇటూ చూసింది. "బాగానే ఉందిరా," అంది.

గవర్రాజు గుండె గంతేసింది. అంతటితో ఊరుకుంటే తోట వాడిదే.

"బాగుండడం కాదత్తయ్యా, ఇది ఊగుతుంది!"

"అవునా! ఏదీ, భూకంపం వస్తే చూద్దాం."

"మన జిల్లాకి భూకంపాలు రావత్తయ్యా. మేమే భూకంపం."

"అయితే ఊపండి చూద్దాం. నేను 'ఆపండి' అనేదాకా ఊపండి."

అంతే. అన్నదమ్ములు ముగ్గురూ, చూడ్డానికొచ్చిన నలభైమందీ భుజాలు ఆనించారు. ఇల్లు ఊగింది. వీరరాఘవమ్మ నవ్వింది. ఇంకా ఊగింది. కుర్చీ అటుగోడ దగ్గరకెళ్ళి ఇటుగోడ దగ్గరకొచ్చింది.

"ఒరే, చాలు!" అంది లోపల్నించి.

ఏడుకొండలు అన్నయ్య వంక చూశాడు. "చాలంటోంది."

"చాలు అంటే చాలనే. 'ఆపండి' అనలేదు కదా. ఊపు!"

"వద్దురా! ఓరి మీ మొహాలు మండా! తల తిరుగుతోందిరా! అమ్మో, చచ్చాను!"

"ఏమంది?" అన్నాడు ఏడుకొండలు.

"చచ్చానంది. ఆపండి అనలేదు. ఊపు!"

ఇంకేముంది, ఆ ఊపుకి ట్యూబులు జర్రున జారి, ఇల్లు గట్టు దిగి దభీమని కాలువలో పడింది. పడి మునగలేదు. అడుగున లారీ ట్యూబులాయె! హంసలా తేలి ప్రవాహంలో బయల్దేరింది. కిటికీలోంచి వీరరాఘవమ్మ తల బయటపెట్టి, పది ఊళ్ళు వినేలా అరిచింది.

"గవర్రాజూ! ఇక నా తోటలో అడుగు పెట్టారో, ముగ్గురి కాళ్ళూ విరగ్గొడతాను!"

మలుపు తిరిగిపోయింది ఇల్లు. మూడు మైళ్ళ అవతల లాకుల దగ్గర జనం, గోదారమ్మే ఇల్లు కట్టుకుని వచ్చిందని హారతులిచ్చి ఒడ్డుకి లాగారంట.

ఇక్కడ అన్నదమ్ములు ముగ్గురూ ఒంటికాలి మీద నిలబడిపోయారు. ఉన్నది తోటలో. అడుగు పెట్టకూడదు. రెండో కాలు దించాలంటే భయం.

"నేల మీదుంటేనే కదా అడుగు పెట్టినట్టు?" అన్నాడు గవర్రాజు. అంతే, కాలువ మీదకి వంగిన కొబ్బరిచెట్లు తలొకటి చూసుకుని పైదాకా పాకేశారు. పన్నెండేళ్ళు కలలు కన్న తోట, ఇప్పుడు కింద పచ్చగా కనిపిస్తోంది. గవర్రాజు వెక్కి వెక్కి ఏడ్చాడు.

పొద్దు వాలేవేళకి గవర్రాజు పెళ్ళాం సత్యవేణి భోజనం కేరేజీతో వచ్చింది. "దిగండి, అన్నం చల్లారిపోతోంది."

"దిగితే కాళ్ళు విరుగుతాయే. అత్తయ్య తన తోటలో అడుగు పెట్టొద్దంది."

"ఇంకెక్కడి తోటండీ? లాకుల దగ్గర గట్టెక్కగానే ఆవిడ తోటంతా చెల్లారావుకి రాసిచ్చేశారు. ఇప్పుడు ఆవిడది కాదు."

గవర్రాజు ఏడుపు ఆపాడు. బుర్ర గిర్రున తిరిగింది. మొహం వెయ్యి దీపాలు వెలిగినట్టైంది. "ఒరే తమ్ముళ్ళూ! ఇది అత్తయ్య తోట కాదంటరా! అడుగు పెట్టొచ్చు! తోట పోతే పోయింది, మన కాళ్ళు దక్కాయి!" అని ఆనందం పట్టలేక, చెట్టు కొసన, రెండు చేతులూ వదిలేసి చప్పట్లు కొట్టాడు.

దబ్బున కాలువలో పడ్డాడు.

"చూశావా, దిగడం అలాగన్నమాట!" అని ఏడుకొండలు కూడా రెండు చప్పట్లు కొట్టాడు. దబ్!

పండుదొర తొందరపడలేదు. చదువుకున్నవాడు కదా. చొక్కాలోంచి పుస్తకం తీసి, 'చెట్టు దిగు విధానము: రెండు చేతులతో చప్పట్లు కొట్టవలెను' అని గుండ్రంగా రాసుకున్నాడు. పుస్తకం తడవకుండా పళ్ళమధ్య కరిచిపట్టుకున్నాడు. రెండు చేతులూ చాచాడు.