గుమ్మళ్ళ వారి పెట్టె, చిటికెడు వోల్టేజీ

తణుకులో గుమ్మళ్ళ వారింట తెలివికి కరువు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకుంటారు. అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!

ఇంటి పెద్దకొడుకు భద్రం. డాక్టరు గారు అతన్ని రోజూ అరగంట నడవమన్నారు. సరిగ్గా అరగంట నడుస్తాడు. అరగంట కాగానే ఏ రోడ్డు మీదుంటే ఆ రోడ్డు మీద ఠక్కున ఆగి, ఆటో ఎక్కి ఇంటికొస్తాడు. అతని భార్య మంగతాయారు. కుక్కరు మూడు విజిల్స్ వేశాక దించమంటే, వెనకింటి కుక్కరు విజిల్స్ కూడా కలుపుకుని దించేస్తుంది. "ఏ కుక్కరో చెప్పలేదు కదండీ" అంటుంది. భద్రం తమ్ముడు కాసులు. క్షవరం చేస్తూ మంగలి "కాస్త తల వంచండి" అన్నాడు, ఎత్తమని చెప్పడం మర్చిపోయాడు. అంతే, కాసులు తల వంచుకునే ఇంటికొచ్చి, వంచుకునే అన్నం తిని, వంచుకునే పడుకున్నాడు.

"చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు. అదీ మన వంశం!" అని భద్రం మీసం దువ్వుకునేవాడు. ఏ పని మొదలుపెట్టినా, ఎదుటివాళ్ళు చెప్పిన మాట అతను ఒకసారి పైకి వల్లిస్తాడు. మిగతావాళ్ళు "అంతే!" అని అరుస్తారు. అప్పుడుగానీ పని మొదలవదు.

వీళ్ళ తల్లి సూరమ్మ. ఆవిడ భర్త కామేశం గారు బతికున్న రోజుల్లో రైసుమిల్లులో కాటా దగ్గర కూర్చునేవారు. రోజూ మధ్యాహ్నం మిల్లు నుంచి ఫోను చేసి, "సూరమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగేవారు. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆయన అడిగాకే ఆవిడ కంచం ముందు కూర్చునేది. ఆయన పోయాక వెతికితే, పాత ఫోనులో ఆ ఒక్క మాట రికార్డయి దొరికింది. దాన్ని పెళ్ళి వీడియోలతోనూ ఫొటోలతోనూ కలిపి ఇంట్లో ఉన్న కంప్యూటరు పెట్టెలో దాచారు. రోజూ మధ్యాహ్నం కాసులు తన ఫోనులో నొక్కితే, పెట్టెలోంచి ఆ గొంతు వస్తుంది. అది వింటేనే ఆవిడకి ముద్ద దిగుతుంది. వినకపోతే లేదు. అలాగని ఆవిడ మొండిదేం కాదు పాపం, అలవాటు అలాంటిది.

ఆ పెట్టెని బజార్లో కంప్యూటర్ల కొట్టు ఫణీంద్ర చవక సామాన్లతో కట్టి ఇచ్చాడు. లోపలున్న ప్రాసెసర్, అంటే దాని బుర్ర, మరీ చవక. ఎండలు ముదిరాక అది వేడెక్కి, సరిగ్గా భోజనాల వేళకి ఆగిపోవడం మొదలెట్టింది. సూరమ్మ కంచం ముందు కూర్చుని ఎదురుచూడటం, పప్పు మీద తొరక కట్టడం. మూడోపూట ఆవిడ మొహం చూసి మంగతాయారు ఏడ్చేసింది. భద్రం పరుగున వెళ్ళి ఫణీంద్రని పట్టుకొచ్చాడు.

"కాసింత వేగం కూడా పెంచండి బాబూ, నొక్కాక గొంతు రావడానికి బోల్డంత సేపు పడుతోంది" అన్నాడు భద్రం.

"మీ పెట్టె చేసే పనికి వేగం అక్కర్లేదండీ. అడిగినప్పుడు ఫొటోలూ పాటలూ ఇవ్వడమే కదా! వేగం పెంచడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. పెంచితే ఇంకా వేడెక్కుద్ది. మీకు కావాల్సింది వోల్టేజీ తగ్గించడం. దాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. కరెంటే దానికి మేత. మేత తగ్గితే వేడి తగ్గుద్ది" అన్నాడు ఫణీంద్ర.

"మేత తగ్గించి పని చేయించుకోవడం! అబ్బో, మా మిల్లు యజమానికి కూడా ఇంత తెలివి లేదండీ" అంది సూరమ్మ.

ఫణీంద్ర తెర మీద వేగం అంకె ఒకటి, వోల్టేజీ అంకె ఒకటి చూపించాడు. "వోల్టేజీ ఒకేసారి తగ్గించకండి. రోజుకి చిటికెడు. చల్లగా ఉండి పనిచేస్తుంటే మర్నాడు ఇంకో చిటికెడు. ఆగిపోయిందా, ముందురోజు ఎలా ఉందో అచ్చం అలాగే పెట్టేయండి. అంతే."

"అంతే!" అని ఇంటిల్లిపాదీ అరిచారు. ఫణీంద్ర ఉలిక్కిపడి వెళ్ళిపోయాడు.

మొదట్లో పని బాగానే సాగింది. రోజుకో చిటికెడు తగ్గించారు, పెట్టె చల్లబడింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ భద్రానికి వేగం మీద మనసు పోలేదు. ఆ అంకె కూడా ఓ చిటికెడు పెంచి, మధ్యాహ్నం చెవి ఒగ్గి విన్నాడు.

"సూరమ్మా, అన్నం తిన్నావా?"

"వేగం పెంచినా నాన్న నెమ్మదిగానే మాట్లాడుతున్నారేంట్రా?" అన్నాడు భద్రం.

"పెంచింది చాల్లేదన్నయ్యా" అన్నాడు కాసులు.

ఇంకాస్త పెంచారు. మర్నాడు ఇంకాస్త. ఆయన మాట మాత్రం ఎప్పటిలాగే తాపీగా వచ్చింది. సూరమ్మకి నవ్వొచ్చింది. "ఒరే, ఇంటికి నిప్పంటుకున్నా ఆయన చెంబు వెతుక్కుని, చెప్పులు వేసుకుని, అప్పుడు 'నిప్పు' అనేవారు. పోయాక తొందరపడతారా?" అంది.

భద్రం వినలేదు. అంకె ఎంతదాకా వెళ్తే అంతదాకా నెట్టేశాడు. ఇంకేముంది! పెట్టె ఓసారి గుర్రుమని, తెర నల్లబడి, చల్లగా ఊరుకుంది. వెలిగించినా వెలగలేదు.

కంచం ముందు సూరమ్మ కూర్చునే ఉంది. కాసులు గొంతు సవరించుకుని, అచ్చం నాన్నలా "సూరమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడు. నిజానికి వాడిది తండ్రి గొంతే.

"నువ్వు కొడుకువిరా, ఆయనవా?" అని ఆవిడ కంచం పక్కకి జరిపేసింది.

అప్పుడు భద్రానికి ఫణీంద్ర మాట గుర్తొచ్చింది. "ఆగిపోతే ముందురోజు ఎలా ఉందో అచ్చం అలాగే పెట్టేయాలి!"

"అంతే!"

ఇంకేముంది, ఇల్లంతా నిన్నటిలా పెట్టడం మొదలెట్టారు. మంగతాయారు ఇవాళ్టి వంకాయ కూర పక్కన పెట్టి, నిన్నటి సొరకాయ పులుసు మళ్ళీ కాచింది. ఉతికి ఆరేసిన నిన్నటి బట్టలు తడితడిగానే అందరూ తొడుక్కున్నారు. చింపేసిన క్యాలెండరు కాగితాన్ని చెత్తబుట్టలోంచి తీసి, అన్నం మెతుకులతో అంటించారు. నిన్న కాసులు నూతి దగ్గర జారిపడ్డాడు. పాపం వెళ్ళి మళ్ళీ జారిపడ్డాడు.

"మోకాలు కొట్టుకున్నావా?"

"కొట్టుకున్నానన్నయ్యా."

"కుడిదేనా?"

"అయ్యో, ఎడమది!"

మళ్ళీ వెళ్ళి కుడి మోకాలు కొట్టుకొచ్చాడు. అయినా పెట్టె వెలగలేదు. ఏం మిగిలిందా అని నలుగురూ బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఆ రెండు అంకెలు తప్ప అన్నీ గుర్తొచ్చాయి. చివరికి మంగతాయారు చిటిక వేసింది. "నిన్న వెనకింటి మాణిక్యాంబ గారు వచ్చి, మన మునగాకు వాళ్ళ దొడ్లో రాలుతోందని పోట్లాడి వెళ్ళారు కదండీ!"

భద్రం ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పిన్నిగారూ, తమరు దయచేసి ఓసారి వచ్చి మాతో పోట్లాడాలండి."

"ఎందుకు నాయనా? నిన్నటి కోపం నిన్ననే పోయింది."

"అలా అనకండి. మా అమ్మ భోజనం తమరి చేతుల్లో ఉంది. నిన్నటి మాటలే చాలు. 'బుర్రలేని కొంప' అన్న దగ్గర్నుంచి అందుకోండి."

మాణిక్యాంబ వచ్చింది. తడిబట్టలు చూసింది, మెతుకులంటిన క్యాలెండరు చూసింది, రెండు మోకాళ్ళూ దోక్కుపోయిన కాసులుని చూసింది. "బుర్రలేని కొంప!" అంది. నిన్న కోపంతో అన్న మాట ఇవాళ మనస్ఫూర్తిగా అంది. అని, తిన్నగా బజారుకెళ్ళి ఫణీంద్రని తనే లాక్కొచ్చింది.

అతను పెట్టె విప్పి, లోపల బిళ్ళంత బ్యాటరీ ఉంటే తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టాడు. దాంతో అంకెలన్నీ మొదటికొచ్చాయి. వేగం జోలికి పోకుండా, వోల్టేజీ మాత్రం ఓ చిటికెడు తగ్గించాడు. పెట్టె వెలిగింది. అప్పటికి పొద్దు వాలిపోతోంది.

"సూరమ్మా, అన్నం తిన్నావా?"

"ఆయ్, ఇప్పుడే కూర్చుంటున్నానండీ" అని సూరమ్మ కంచం దగ్గరికి లాక్కుంది. ఫణీంద్ర అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

తుడుచుకుని ఊరుకోవచ్చు కదా! మనసాగక మళ్ళీ సలహా చెప్పాడు. "ఇంత ముఖ్యమైన మాట ఒక్కచోటే ఉంచుతారా ఎవరైనా? దీనికో నకలు తీసి వేరే ఇంట్లో పెట్టండి. అసలుకీ నకలుకీ అక్షరం తేడా ఉండకూడదు. నకలు కూడా అసలుతో సమానమే. రోజూ పనిచేస్తోందో లేదో చూసుకోండి" అని చెప్పి, కొట్టు తెరిచిపెట్టి వచ్చానంటూ పరిగెత్తాడు.

"నకలు వేరే ఇంట్లో ఉండాలి. అక్షరం తేడా ఉండకూడదు. రోజూ చూసుకోవాలి" అని వల్లించాడు భద్రం.

"అంతే!" అన్నారు. అని, అందరూ కాసులు వైపు చూశారు. నాన్న గొంతు ఇంకెవరికుంది?

మర్నాడే కాసులుని తీసుకెళ్ళి మాణిక్యాంబ గారి అరుగు మీద కూర్చోబెట్టారు. ఆవిడ వద్దంటే, "వేరే ఇల్లంటే తమరిదే దగ్గరండి" అన్నారు. నకలు కాబట్టి కాసులు ఆ ఒక్క మాట తప్ప ఇంకోటి మాట్లాడకూడదు. దాహం వేసినా అంతే, దోమ కుట్టినా అంతే.

సూరమ్మ ఇంట్లో అసలు వినేసి ఓసారి భోంచేసేది. ఆ తర్వాత కంచం పట్టుకుని వెనకింటికెళ్ళి, నకలు వినేసి ఇంకోసారి భోంచేసేది. నకలూ అసలుతో సమానమేనని ఫణీంద్రే చెప్పాడాయె, ఇక ఆవిడకి ఏ పట్టింపూ లేదు. "ఉన్నప్పుడు ఒక్కచోట నుంచే అడిగేవారు. ఇప్పుడు రెండిళ్ళలో అడుగుతున్నారు" అని మురిసిపోయేది. మనిషి కాస్త ఒళ్ళు కూడా చేసింది.

ఒకనాడు మాణిక్యాంబ గారు కాసులు నుదురు ముట్టుకుని, "అయ్యో, ఈ అరుగు మీద ఎండకి వీడి ఒళ్ళు కాలిపోతోంది, లోపలికి తీసుకెళ్ళండి!" అని కేకేసింది.

భద్రం కంగారు పడలేదు. వేడెక్కితే ఏం చెయ్యాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మేత తగ్గించాలి. ఒకేసారి కాదు, రోజుకి కొంచెం. అంతే, మంగతాయారు కాసులు అన్నంలోంచి రోజుకో ముద్ద తగ్గిస్తూ వచ్చింది. ఆగిపోతే ముందురోజు ఎలా ఉందో అలా పెట్టాలి. కానీ పాపం కాసులు మొండి ఘటం, ఆగిపోలేదు. కళ్ళు లోపలికి పోయాయి, నుదురు చల్లబడింది, మాట మాత్రం వస్తూనే ఉంది.

"చూశారా, చల్లగా ఉండి పనిచేస్తోంది!" అని భద్రం వీధంతా చెప్పుకున్నాడు.

ఒకరోజు సూరమ్మ ఆవకాయ కలిపిన అన్నం కంచంతో అరుగు దగ్గరికొచ్చింది. కాసులు చూపు ఆ కంచం మీదే ఉంది. ఎంతైనా కన్నతల్లి, ఆవిడ ఉండబట్టలేక అడిగింది.

"కాసులూ, నువ్వు అన్నం తిన్నావురా నాన్నా?"

కాసులు గుటక వేశాడు. కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారాయి. నకలు కదా, ఏమని చెప్తాడు?

"సూరమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడు.

"తింటున్నానండీ" అని సూరమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. "అచ్చం ఆయనే! ఎన్నిసార్లు అడిగినా తను తిన్నదీ లేనిదీ ఆయనా ఏనాడూ చెప్పలేదు" అని కళ్ళొత్తుకుంది.

మాణిక్యాంబ గారు నెత్తీ నోరూ బాదుకుంటూ లోపలికెళ్ళి, కాసులు కోసం కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. భద్రం చటుక్కున అడ్డం పడి ఆ కంచం లాగేసుకున్నాడు.

"అక్షరం తేడా లేకుండా పనిచేస్తుంటే పాడు చేస్తారేంటండీ పిన్నిగారూ?" అని, మంగతాయారు వైపు తిరిగాడు. "ఏమేవ్! రేపట్నుంచి ఇంకో ముద్ద తగ్గించు."